నాయన ఎంచుకున్న కత్తి

మొన్న మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతూ ఉంటే బయట బండి ఆగిన చప్పుడైంది. ఒళ్ళో గుడ్డముక్కలు దులుపుకుని నేను లేచేలోపలే ఆ పార్సిళ్ళ అబ్బాయి ఒక అట్టపెట్టెను మా గడప ముందు నేల మీద పెట్టేసి, దానికి ఫోనులో ఒక ఫోటో తీసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడంతా ఇంతే కదా, ఇచ్చేవాడి ముఖం మనం చూడం, మన ముఖం వాడు చూడడు. ఇంతలోనే పక్కింటి అమ్మాయి ఫోను చేసింది. బెంగళూరు కంపెనీ ఉద్యోగం మదనపల్లెలో ఇంట్లో కూర్చునే చేసుకుంటుంది, ఆ పిల్లకు నేనంటే ఇష్టం, నన్ను ఆంటీ అంటుంది, అన్న ప్రతిసారీ నాకు ఒక వెంట్రుక నెరిసినట్టు ఉంటుంది.

“ఆంటీ, పార్సిల్ వచ్చిందంట, నేను బయట ఉండా. కొంచెం లోపల పెట్టండి ఆంటీ. అదే, కత్తి!” అనింది సంబరంగా.

వచ్చే నెల స్నేహితురాళ్ళతో కలిసి ఎక్కడో ఈశాన్యంలో ఎప్పుడూ వానలు కురిసే అడవుల్లోకి నడిచి వెళుతుందట, చాలా రోజులు అక్కడే గుడారాల్లో ఉంటారట. దానికోసం వారం నుంచీ కత్తి ఎంచుకుంటూనే ఉంది. సాయంత్రమైతే మా అరుగు మీదకు వచ్చి ఫోను నా ముందు పెట్టి, ఇది పొడుగు, ఇది పొట్టి, దీనికి ఇన్ని చుక్కలిచ్చారు, దీని పిడి తడిస్తే జారుతుందని ఎవరో రాశారు, మీరేమంటారు ఆంటీ అని అడిగేది. కత్తిపీట తప్ప నాకేం తెలుసు పిల్లా అని నవ్వేసి ఊరుకునేదాన్ని. అడవికి కత్తి ఎంచుకోవడం గురించి నాకు తెలిసింది ఆ పిల్లకు చెప్పేది కాదు.

సరే లోపల పెడదామని పెట్టె కోసం వంగాను. చెయ్యి పోలేదు. నడుము వంచి అట్లాగే కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి మిషను ముందు కూర్చున్నాను. లోపలి గదిలో మంచం మీద మా అమ్మ పడుకుని ఉంది. ఎవరు వచ్చింది అని అడిగింది. ఎవరూ కాదమ్మా, పక్కింటివాళ్ళ సామాను అన్నాను. ఆ పెట్టెలో ఉండేది కత్తి అని మాత్రం అమ్మకు చెప్పలేదు.

మా వైపు కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. మీలో నా వయసు వాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది, మీ ఇళ్ళల్లోనూ ఉప్పుకో కారానికో ఇట్లాంటి పట్టింపు ఉండే ఉంటుంది. కత్తి అయినా కొడవలి అయినా సూది అయినా చేతికిస్తే ఇద్దరి మధ్యా మాట తెగిపోతుందని, ఇచ్చేవాళ్ళు నేల మీద పెడతారు, తీసుకునేవాళ్ళు వంగి తీసుకుంటారు. పెట్టినంత మాత్రాన ఇచ్చినట్టు కాదు, అవతలివాళ్ళు తీసుకుంటేనే ఇచ్చినట్టు. చిన్నప్పుడు నాకు ఇది ఆటగా ఉండేది. నాయన చెనిక్కాయ చేన్లో కొడవలి కింద పెట్టి తీసుకో పాపా అంటే, నేను తీసుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని, ఆయన నవ్వుతూ కాసేపు చూసి మళ్ళీ తనే తీసుకునేవాడు.

ఇంకొక పట్టింపు మా అమ్మది. దీపం పెట్టే వేళకు ఇంటి ఇనుమంతా ఇంట్లో ఉండాలి. పార, కలుపు తీసే తొలిక, కొడవలి, మచ్చుకత్తి, ఏదీ చేన్లో నిద్ర చెయ్యకూడదు. ఎందుకు అంటే మా అమ్మకూ తెలియదు, వాళ్ళ అమ్మ అట్లా చేసేది, ఈమె చేసేది. పుంగనూరు దగ్గర మా పల్లెలో పొద్దు కొండ వెనక్కి పోతూనే మా అమ్మ గొంతు వీధి చివరిదాకా వినపడేది.

“ఏమయ్యా, కొడవలి యాడ?”

నాయన కాళ్ళు కడుక్కుని, సంగటి ముద్ద ముందు కూర్చుని ఉండేవాడు. “చేన్లోనే ఉండాది లేమ్మే. యాడికి పోతాది, దానికేమన్నా కాళ్ళుండాయా?”

“కాళ్ళు నీకుండాయి కదా. పొయ్యి తీసకరా పో.”

“తినేసి పోతా.”

“తెచ్చినాక తిందువు. సంగటి యాడికీ పోదు, దానికీ కాళ్ళు లేవు.”

ఆయన నా వైపు చూసి కన్నుకొట్టి లేచేవాడు. నేనూ వెంటపడేదాన్ని. మా నాయనకు నేనొక్కదాన్నే, ఎక్కడికి పోయినా తోకలాగా వెంట ఉండేదాన్ని. చేన్లో పని చేసుకుంటూ బీడీ కాల్చుకోవాలనిపిస్తే ఆయన చేతిలో కత్తిని పక్కనున్న తుమ్మచెట్టు మానుకు ఒక్క దెబ్బ కొట్టి అట్లాగే వదిలేసేవాడు. అది ఆయన అలవాటు. మా నేల సంగతి తెలుసు కదా, ఎండిన గట్లు, నాలుగు తుమ్మచెట్లు, అంతే, చేను ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర మానులో గుచ్చుకున్న కత్తి పిడి కనపడేది. చీకటి పడుతున్నా సరే, నేరుగా పోయి లాగి తెచ్చుకునేవాళ్ళం. దారిలో ఆయన అమ్మ గొంతును అనుకరించి, కొడవలి యాడ, కొడవలి యాడ అని పాడేవాడు. ఇంటి దగ్గరకు రాగానే బుద్ధిగా నోరు మూసుకునేవాడు.

తొంభైలు అయిపోవస్తున్న కాలం అది. వానలు లేవు. బోరు మొదట అప్పుడప్పుడూ గుడగుడమని, ఆ తర్వాత గాలి కక్కి, ఆ తర్వాత అదీ మానేసింది. ఆ ఏడు ఎద్దులను అమ్మేశాక మా నాయన పాట పాడటం మానేశాడు. అట్లాంటప్పుడు కుప్పం వైపు నుంచి మా మామ కబురు తెచ్చాడు. మామ అంటే నాయన అక్క మొగుడు, రామకుప్పం దగ్గర పల్లెలో ఉండేవాళ్ళు, రాగి చేల మీదకు ఏనుగులు వస్తే డప్పులు కొట్టి తరిమే మనుషుల్లో ఆయన ముందుండేవాడు, అడవి ఆయనకు పెరడు లాంటిది. చెట్లనూ తీగలనూ పరీక్ష చేసే పెద్ద చదువుల వాళ్ళు కొందరు అండమాను అడవుల్లో నెలల తరబడి తిరగబోతున్నారట, వాళ్ళ ముందు నడుస్తూ చెట్టూ చేమా నరికి దారి చెయ్యడానికి అడవి అంటే భయం లేని మనుషులు కావాలట, కూలీలను కుదిర్చే మేస్త్రీ మామను అడిగితే మామ, మా బామ్మర్ది కూడా ఉన్నాడు అని చెప్పేశాడట. తిండి వాళ్ళదే, గుడ్డలు వాళ్ళవే, కత్తి మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట, అలవాటైన కత్తి అయితేనే చేతికి నప్పుతుందని.

మా అమ్మ మొదట ఏడ్చింది, తర్వాత అలిగింది, తర్వాత ఊరుకుంది. ఎండిన బోరు దగ్గర నిలబడి వద్దు అనే మాటను ఎవరు మాత్రం ఎన్నిసార్లు అంటారు. కత్తి మంచిది తీసుకో అని మాత్రం అనింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ కత్తి మాటే. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆయన పోవడం గురించి మేము ముగ్గురమూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవడానికి ధైర్యం లేక కత్తి గురించి మాట్లాడుకున్నాం. ఆ అడవిని మాలో ఎవరూ చూడలేదు. ఊళ్ళోనూ ఎవరూ చూడలేదు. మాకు అడవి అంటే కంప, ముళ్ళు, చేతికి గీసుకునే ఎండు కొమ్మలు. పెద్ద అడవి అంటే ఇంకా పెద్ద ముళ్ళు అనుకున్నాం.

మొదట మదనపల్లెకు వచ్చాం, బస్సులో కిటికీ పక్కన నేను. బస్టాండు దగ్గర ఇనుప సామాన్ల అంగడిలో ఆయన కత్తి అడగ్గానే, అంగడాయన గాజు బీరువాలోనుంచి ఒకటి తీశాడు. తళతళమని మెరుస్తూ, ఒకపక్క రంపం పళ్ళు, తోలు ఒర, పిడి చివర తిప్పి చూస్తే అందులో చిన్న దిక్సూచి. నేనైతే దాని మీద పడిపోయాను.

“ఫారిన్ మోడలప్పా. ఇది చేతిలో ఉంటే పులి కూడా దోవ ఇస్తాది” అన్నాడు అంగడాయన.

“పులి ఇస్తాది సరే, తుమ్మకంప ఇస్తాదా?” అన్నాడు నాయన. దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఈ ముల్లు ఏంది దీంట్లో గిరగిరా తిరగతాండాది?” అని అడిగాడు.

“దిక్కులు చూపిస్తాది. అడవిలో దారి తప్పితే పనికొస్తాది.”

“దిక్కులు తెలీకుంటే తలెత్తి పొద్దును సూస్తే సాలదా? దానికి కత్తిని అడగల్నా?” అని నాయన పకపకా నవ్వాడు. అంగట్లో ఉన్న ఇంకో ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మదనపల్లె బస్టాండు దగ్గర ఎప్పుడు పోయినా నాకు వినపడుతుంది.

ఆయన కత్తిని పరీక్ష చేసే తీరు ఒకటుండేది. పదును చూసేవాడు కాదు, పదును ఎవరైనా పెట్టుకోవచ్చు అనేవాడు. మొద్దుకు ఒక దెబ్బ కొట్టి చెయ్యి తీసేస్తే కత్తి తనంతట తాను నిలబడాలి. నిలబడితే అది కత్తి, వాలిపోతే రేకు. అంగడాయన చూస్తుండగానే పక్కనున్న సామాన్ల చెక్కపెట్టెకు ఆ మెరిసే కత్తితో ఒక దెబ్బ కొట్టి వదిలేశాడు. అది కొంచెం ఊగి, టంగుమని కింద పడింది. అంగడాయనకు కోపం వచ్చి, కొనే మొగమేనా నీది అన్నాడు. నాయన దాన్ని తీసి, తుడిచి, పెళ్ళికొడుకు బాగుండాడు గానీ నడుము లేదప్పా అని చెప్పి నన్ను చెయ్యి పట్టుకుని బయటకు తెచ్చేశాడు. ఆ దిక్సూచి కోసం నేను బస్సులో చాలాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాను.

తర్వాత పుంగనూరు. అక్కడ మా ఊరివాళ్ళందరూ పార కాల్పించుకునే కమ్మరి కొలిమి ఉండేది, ఆయన పాత లారీ కమాను పట్టాలు కొట్టి మచ్చుకత్తులు చేసేవాడు. వెడల్పుగా, బరువుగా, ముందు చిలకముక్కు లాగా వంగి ఉంటాయి, ముళ్ళకంపను లాగి నరకడానికి ఆ ముక్కు. యా అడవికప్పా అని ఆయన అడిగితే నాయన అండమానుకు అన్నాడు.

“అది యాడుండాది? తలకోన అవతలా?”

“సముద్రం అవతల.”

కమ్మరాయన కొలిమి తిత్తి వదిలి కాసేపు ఆలోచించాడు. “యాడైతే ఏముంది లే. కంప యాడున్నా కంపే కదా” అని గోడకు ఉన్న వాటిలో అన్నిటికన్నా బరువైనది తీసి నేల మీద పెట్టాడు. నాయన తీసుకుని అక్కడున్న తుమ్మ మొద్దుకు కొట్టాడు. చెయ్యి తీసేశాడు. కత్తి నిలబడింది. కదల్లేదు, ఊగలేదు, మొద్దులోనుంచే మొలిచినట్టు నిలబడింది. ఆయన ముఖంలో ఎన్నో నెలల తర్వాత ఒక వెలుగు చూశాను. నన్ను పిలిచి లాగమన్నాడు. రెండు చేతులతో పట్టుకుని కాలు మొద్దుకు తన్నిపెట్టి లాగినా రాలేదు. ఇది చాలు మనకు అన్నాడు.

బయలుదేరే రోజు అమ్మ ఆ కత్తికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దాంతో ఒక నిమ్మకాయ కోసి, పిడికి పసుపు దారం చుట్టింది. చుట్టి నడి ఇంట్లో నేల మీద పెట్టింది. ఆయన వంగి తీసుకున్నాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న అమ్మ అప్పుడు మాత్రం ఆపుకోలేక, ఏడుపును కోపంలోకి తిప్పుకుని అనింది.

“మాపిటేలకు ఆడ ఎవురడగతారు నిన్ను, ఇనుము యాడని? యాడబడితే ఆడ పారేసి పండుకుంటావు.”

“నువ్వే అడుగు మే. ఈడినుంచి అరిసినా సాలు, సముద్రం దాటుకోని వినపడతాది నీ గొంతు” అన్నాడు నాయన.

అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నా లెక్కలో మేము ముగ్గురమూ ఒకచోట ఉండగా మా ఇల్లు చివరగా నవ్వింది అప్పుడే.

కుప్పంలో రైలు ఎక్కాలి కాబట్టి ముందురోజు అత్త వాళ్ళ ఇంటికి పోయాం, నన్నూ తీసుకుపోయారు. మామ నాయన కత్తిని చూసి చేతిలోకి తీసుకుని బరువు చూసి నోరు తెరిచాడు. మామది పొడుగ్గా, పలచగా, నేరుగా ఉండే కత్తి, వెదురు పొదల్లో తిరిగే మనిషి కదా.

“ఏమి బామ్మర్దీ, దీన్ని నువ్వు మోసేదా, నిన్ను ఇది మోసేదా? ఆడంతా పచ్చి అడవంట, నీళ్ళు కారతా ఉంటాదంట. ఇంత బరువుది ఎత్తి ఎత్తి కొడితే చేతి రెట్ట పడిపోతాది.”

“నీది బాగుంది బావా, పెండ్లిలో అరిటాకులు కోసేదానికి.”

“నవ్వబాక. ఈడ అంగట్లో ఇట్లాంటివి దొరకతాయి, ఇంకోటి తీసుకుందాం పా.”

“మా యమ్మి పసుపు పూసింది దీనికి. ఇంకోటి ఎట్ల తీసకపోదును?” అన్నాడు నాయన, ఈసారి నవ్వకుండా. మరునాడు పొద్దున మద్రాసు పోయే రైలులో ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, గోనెపట్టాలో చుట్టిన కత్తులు కాళ్ళ దగ్గర పెట్టుకుని పోయారు. రైలు కదిలాక నాయన కిటికీలోనుంచి చెయ్యి ఊపుతూ నోరు మాత్రం కదిలించి, కొడవలి యాడ, కొడవలి యాడ అన్నాడు. నేను ప్లాట్‌ఫారం మీద పడీపడీ నవ్వాను.

ఆ తర్వాత నెలలు. మా పల్లెలో ఆ ఏడూ వాన పడలేదు. మబ్బు కనపడితే చాలు, ఇది మీ నాయన దగ్గరకు పోతుందేమో అనేది అమ్మ. దీపం పెట్టే వేళకు అలవాటుగా వాకిట్లోకి వచ్చి, ఏమయ్యా అని నోరు తెరిచి, మూసుకుని లోపలికి వచ్చేది. ఒక్కోసారి నేను లేననుకుని మెల్లగా, ఎవరికో చెప్పినట్టు, కొడవలి యాడ అని అనేసి తనలో తాను నవ్వుకునేది. సముద్రం దాటి వినపడుతుందని ఆయన అన్నాడు కదా.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మామ వచ్చాడు. వెంట అత్త. మామ సగమైపోయాడు, గడ్డం పెరిగిపోయి, కళ్ళు లోపలికి పోయి, ముందు నేను గుర్తుపట్టలేదు. నేను వాళ్ళను దాటి వీధిలోకి పరుగెత్తి, వెనక నాయన వస్తున్నాడేమోనని చూశాను. వీధిలో ఎవరూ లేరు. మళ్ళీ లోపలికి వచ్చేసరికి అత్త అమ్మ భుజం పట్టుకుని ఉంది, మామ గోడకు ఆనుకుని చెబుతున్నాడు.

అక్కడ ముళ్ళు లేవట. ఉన్నదంతా తీగలు, తడి, పేము, బురద, చేతికి చిక్కకుండా వంగి మళ్ళీ లేచే పచ్చి కొమ్మలు. తలెత్తితే ఆకాశం కనపడదట, పొద్దు ఎటు ఉందో మధ్యాహ్నం కూడా తెలియదట. నాయన కత్తి బరువుకు ఆ పచ్చి తీగలు తెగవట, వంగిపోతాయట. కొన్నాళ్ళకే ఆయన మణికట్టు వాచిపోయింది. మామ తన కత్తిని కాసేపు ఆయనకిచ్చి, ఆయనది తాను తీసుకునేవాడు, అట్లా మార్చుకుంటూ దారి చేశారు. ఆ రోజు మామ జ్వరంతో ఏమీ నరకలేక వెనక నడుస్తుంటే, నాయన తన కత్తిని అలవాటుగా ఒక మానుకు కొట్టి వదిలేసి, మామ కత్తి తీసుకుని ముందుకు పోయాడు. వచ్చేటప్పుడు వాగు పొంగిందని వేరే దారిలో గుడారాలకు వచ్చేశారు. వచ్చి, తడిగుడ్డలు పిండుకుంటూ ఉంటే, అప్పుడు గుర్తొచ్చింది.

“రేపు పొద్దున పొయ్యి తెచ్చుకుందాం లే అన్న్యాను సెల్లెలా” అన్నాడు మామ. “వినలేదు. ఎవురో దీపం ముట్టిస్తా ఉంటే దాన్ని సూసినాడు. పసుపు పూసి పంపిచ్చిన ఇనుము బావా, బయట పెట్టి పండుకుంటే మా ఇంటామె అరిసేది ఈడికి వినపడతా ఉండాది అని నవ్వినాడు. నా కత్తి తీసుకున్యాడు. ఇంతలో వస్తా అన్న్యాడు.”

పాపం మామ, ఆ మాటను ఒక ముద్దుమాటలాగా, అమ్మకు ఓదార్పుగా ఉంటుందనుకుని చెప్పాడు. చివరిదాకా నిన్నే తలుచుకున్నాడు అని చెబుతున్నానని ఆయన అనుకున్నాడు. అమ్మ ఏమి విన్నదో నేను ఆమె ముఖంలో చూశాను. అత్త చేతిలోనుంచి భుజం విడిపించుకుని, గోడవారగా మెల్లగా కూర్చుంది.

ఆ రాత్రి, మరునాడు, ఆ తర్వాత ఎన్నో రోజులు అందరూ వెతికారట. ఈలలు వేశారు, డబ్బాలు కొట్టారు, పేరు పెట్టి అరిచారు. రెండు అడుగులు పక్కకు పోతే మనిషికి మనిషి కనపడని అడవి అది. నాయన దొరకలేదు. కత్తి దొరికింది. ఆయన ఎక్కడ కొట్టి వదిలేశాడో అక్కడే, ఆ మానులోనే.

“పిడి మింద వాన నీళ్ళు కారతా ఉండాది. కదల్లేదు. అట్లే నిలబడుకోని ఉండాది సెల్లెలా” అన్నాడు మామ. నాయన అక్కడిదాకా చేరనే లేదు.

అప్పుడు మామ గోనెపట్టా విప్పి కత్తిని తీసి, మా ఆచారం ప్రకారం చేతికి ఇవ్వకుండా, అమ్మ ముందు నేల మీద పెట్టాడు. పసుపు దారం నల్లబడిపోయి ఇంకా పిడికే ఉంది. తీసుకోమ్మా అన్నాడు. అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. తీసుకో మరదలా అని అత్త ఏడుస్తూ బతిమాలింది. అప్పుడు అమ్మ అనింది.

“అది ఆయప్పది. ఆయప్పే వచ్చి తీసుకుంటాడు.”

అంతే. ఆ కత్తిని ఎవరూ తీసుకోలేదు. నేను ముట్టుకోబోతే అమ్మ చూసిన చూపుకు మళ్ళీ ఎప్పుడూ దాని దగ్గరకు పోలేదు. ఇల్లు ఊడ్చినప్పుడు అమ్మ దాని చుట్టూ ఊడ్చేది, పేడతో అలికినప్పుడు దాని చుట్టూ అలికేది, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చోట నేల కొంచెం పల్లంగా కత్తి ఆకారంలో మిగిలిపోయింది. బంధువులు వచ్చి, ఎన్నాళ్ళని ఇట్లా, జరగాల్సింది జరిపించు, బొట్టు తీసెయ్ అని చెప్పారు. కొందరు మంచిగా, కొందరు మంచిగా లేకుండా. అమ్మ బొట్టు తీయలేదు. మాట తెగుతుందని కింద పెట్టే ఆచారం పెట్టినవాళ్ళు, తీసుకోకుండా ఉండిపోయే మనిషి ఒకరు ఉంటారని అనుకుని ఉండరు.

ఇంకొకటి జరిగింది, దాన్ని ఊళ్ళో ఎవరూ గమనించలేదు, నేను గమనించాను. ఆ రోజు నుంచి అమ్మ దీపం పెట్టే వేళకు ఇనుము గురించి అడగడం మానేసింది. కొడవలి చేన్లోనే ఉండిపోయేది. పార గట్టు మీద వానకు తడిసి, మొదట ఎర్రబడి, తర్వాత పొరలు పొరలుగా ఊడిపోయింది. ఒకసారి నేనే ఉండబట్టలేక, అమ్మా కొడవలి తెచ్చేదా అని అడిగాను. ఉండనీలే, యాడికి పోతాది అనింది. నాయన మాట అది.

ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. అత్త వాళ్ళింట్లో ఉంటూ రోజూ కుప్పం పోయి కుట్టుపని నేర్చుకున్నాను. స్టేషను పక్కనే మిషను, రైలు వచ్చిన ప్రతిసారీ కాలు పెడలు మీద ఆగిపోయేది. దిగేవాళ్ళనందరినీ చూసి, మళ్ళీ కుట్టు మొదలుపెట్టేదాన్ని. పెళ్ళయి మదనపల్లె వచ్చాక కొన్నేళ్ళకు అమ్మను నా దగ్గరకు తెచ్చుకున్నాను. వచ్చేరోజు ఆమె కత్తిని అక్కడే వదిలి తలుపుకు తాళం వేసింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద వానల్లో, మాకు కావలసినప్పుడు రాని ఆ వానల్లో, మట్టిగోడలు కూలి కప్పు దాని మీద పడిపోయింది. ఎవరైనా తవ్వితే ఇంకా అక్కడే ఉంటుంది.

మొన్నటి సంగతి చెబుతూ ఎక్కడికో పోయాను. పొద్దు వాలింది, పెట్టె ఇంకా గడప ముందే ఉంది. ముట్టుకోలేకా, వదిలేసి ఉండలేకా నేను మూడుసార్లు వాకిట్లోకి పోయి వచ్చాను. దీపం పెట్టే వేళ అవుతుండగా ఆ అమ్మాయి స్కూటీ దిగింది. ఏంది ఆంటీ, బయటే పెట్టేసినారు అని నవ్వుతూ తీసుకుని, మా అరుగు మీదే కూర్చుని పెట్టె చింపింది. పొడుగ్గా, పలచగా, తేలిగ్గా ఉంది కత్తి. మామ కత్తి లాగా ఉంది. చూడండి ఆంటీ ఎంత బాగుందో అని నా చేతికే అందించబోయింది. నేను చెయ్యి చాపలేదు. కింద పెట్టమ్మా అన్నాను. పెట్టింది.

మంచి కత్తే. మంచి కత్తి ఎంచుకోవడం ఇప్పుడు ఎంత సులువైపోయింది. ఆ అడవిని చూసివచ్చినవాళ్ళు వందలమంది ముందే చెబుతారు, పిడి జారుతుందా లేదా, తీగ తెగుతుందా లేదా అని. దారి ఫోను చూపిస్తుంది. మేము ఒక తుమ్మ మొద్దును అడిగాం, అది దానికి తెలిసిందే చెప్పింది. అయినా నాయనను ఆ అడవిలోకి వెనక్కి పంపింది కత్తి బరువు కాదని నాకు తెలుసు, లోపలున్న ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఉండబట్టలేక అడిగాను, గొంతు తగ్గించే అడిగాను. “అమ్మాయ్, ఆడ దీన్ని యాడన్నా మర్చిపోతే ఏం చేస్తావు?”

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ వయసు పిల్లల నవ్వుకు గొంతు తగ్గించడం ఎట్లా తెలుస్తుంది.

“పోతే పోతాది ఆంటీ, ఇంకోటి ఆర్డర్ పెట్టుకుంటా. కత్తి కోసరం ఎవురన్నా ఎనక్కి పోతారా?”

లోపల మంచం కిర్రుమంది. అమ్మ గోడవైపుకు తిరిగి పడుకుంది. నేను లేచి దీపం ముట్టించడానికి లోపలికి వచ్చేశాను.